గాలి లేవకముందే తేలాల్సిన మాట

పులికాట్ సరస్సుకు తూర్పున శ్రీహరికోట దీవి, దాని అవతల బంగాళాఖాతం. పడమటి ఒడ్డున తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం మండలాలు. మన దేశంలో చిలకా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే అయినా లోతు సగటున మీటరే. దక్షిణం నుంచి ఆరణి, పడమర నుంచి కాళంగి, ఉత్తరం నుంచి స్వర్ణముఖి పాయ వరదను తెచ్చి దీంట్లో పోస్తాయి. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లాలో ఉండి, ఇప్పుడు తిరుపతి జిల్లాకు చెందిన ఈ ఒడ్డుకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫానుల కాలం.

ఆపదకు ఇల్లు ఎలా సిద్ధపడాలి, అసలు సిద్ధపడటం ఇంటివాళ్ల పనా సర్కారు పనా అన్నదాని మీద ఈ తీరంలో రెండు వాదనలు ఉన్నాయి. వాటిని ఒక మామ నోట, మేనకోడలి నోట పెడుతున్నాను. మామ తడ మండలంలో జీవితమంతా సరస్సు మీద వేట చేసినవాడు. మేనకోడలు సూళ్లూరుపేటలో నర్సు. ఇద్దరిలో ఎవరి మాటా తీసిపారేయదగ్గది కాదు.

మామ: అమ్మా, కార్తీకం వచ్చిందంటే చాలు, మైకు కట్టుకుని ఆటో వస్తుంది. వేటకు పోవద్దంటారు, బడిలో పోయి పడుకోమంటారు. తీరా చూస్తే ఆ తుఫాను ఒంగోలు దిక్కుకో ఒడిశా దిక్కుకో పోయుంటుంది. మూడు రోజుల వేట మాత్రం మాకు పోయినట్టే. ఆ కూలి ఎవరిస్తారు? ఇట్టా ఎన్నిసార్లు జరిగింటుంది! అందుకే ఇప్పుడు చెప్పేవాళ్లు చెప్తా ఉంటారు, మా పని మేం చేసుకుంటా ఉంటాం.

మేనకోడలు: తుఫాను ఎక్కడ తీరం దాటుతుందన్నది ఒక ప్రశ్న, వాన ఎక్కడ పడుతుందన్నది ఇంకో ప్రశ్న మామా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర. అంటే మనకు చాలా దూరం. కానీ అంతకు ముందు రెండు రోజులు అది తీరాన్ని ఆనుకుని మెల్లగా పైకి నడిచింది. ఆ నడకలో చెన్నై మునిగింది, మన సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు పొలాలూ ఇళ్లూ మునిగాయి. తీరం దాటే చోటు మనది కాదని తెలిసి నిశ్చింతగా ఉన్నవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

మామ: సరే, మునిగినాం. మరి మునగని ఏళ్ల సంగతో? ప్రతిసారీ ఇల్లు సర్దుకుని పోతే మేం బతికేదెట్టా?

మేనకోడలు: ప్రతిసారీ ఇల్లు ఖాళీ చేయమని ఎవరూ అనడం లేదు. వాతావరణ శాఖ హెచ్చరిక ఒక్కసారిగా రాదు, మెట్లు మెట్లుగా వస్తుంది. 72 గంటల ముందు ఒకటి, తుఫాను వచ్చే సూచన ఉందని. 48 గంటల ముందు పసుపు రంగు హెచ్చరిక. 24 గంటల ముందు నారింజ రంగు. తీరం దాటడానికి 12 గంటల ముందు ఎరుపు. ఒక్కో మెట్టుకు ఒక్కో పని పెట్టుకుంటే సరిపోతుంది. మొదటి మెట్టులో చేయాల్సిన పనికి పైసా ఖర్చు లేదు. ఫోను చార్జింగు పెట్టుకోవడం, మందులు ఎన్ని రోజులకు ఉన్నాయో చూసుకోవడం, బిందెలు కడిగి పెట్టుకోవడం. పసుపు దగ్గర వల ఒడ్డుకు తేవడం, పడవ కట్టేయడం. నారింజ దగ్గర ముసలివాళ్లనూ, నిండు గర్భిణులనూ, పసిపిల్లలున్న తల్లులనూ ముందు పంపడం. ఎరుపు వస్తే ఎవరూ ఒడ్డున ఉండకూడదు. తుఫాను పక్కకు పోయిందనుకో, నీకు పోయేది ఒకటి రెండు మెట్ల పని. మూడు రోజుల కూలి అంతా పోదు.

మామ: నువ్వు చెప్పే రంగులు మాకు అక్కర్లేదు తల్లీ. గాలి ఏ మూల నుంచి తిరిగిందో, నీళ్ల రంగు ఎట్టా మారిందో, అల చప్పుడు ఎంత దూరం వినబడతా ఉండాదో, దాన్నిబట్టి మా నాయన చెప్పేవాడు. 1984 నవంబరు 14న శ్రీహరికోట కాడ తీరం దాటిన తుఫాను నేను చూసినాను. వందలమంది పోయినారు. ఫోన్లు లేవు, ఈ రంగులూ లేవు. మా పెద్దోళ్లు గాలిని చూసి మమ్మల్ని లేపినారు.

మేనకోడలు: ఆ విద్యను తక్కువ చేయను మామా. పెద్దవాళ్ల మాట ఒక దీవిని మొత్తం కాపాడిన సంగతి చెప్తాను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది గదా, ఆ భూకంపం పుట్టిన చోటికి బాగా దగ్గర ఇండోనేషియాలో సిమెలూ అని ఒక దీవి ఉంది. అక్కడ 1907లో ఒకసారి సునామీ వచ్చింది. అప్పటి నుంచి తాతలు మనవలకు కథల్లో, పాటల్లో ఒక్కటే చెప్పుకుంటూ వచ్చారు: భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కు పోయిందంటే ఆగొద్దు, కొండెక్కండి అని. 2004లో ఆ దీవిలో దాదాపు 78 వేలమంది ఉన్నారు. చనిపోయింది ఏడుగురు. పక్కనే ఉన్న ఆచే తీరంలో లక్షమందికి పైగా పోయారు.

మామ: అదిగో, నువ్వే చెప్పినావు. వాళ్లకు సంచులు లేవు, లిస్టులు లేవు. పెద్దోళ్ల మాట ఉండింది. అది చాలింది.

మేనకోడలు: చాలింది. ఎందుకంటే అది గుర్తు పట్టే విద్యే కాదు, ఏం చేయాలో ముందే తేల్చిపెట్టిన మాట కూడా. ఊగిన తర్వాత ఎవరూ కూర్చుని ఆలోచించలేదు. వాళ్లకు వెనక కొండ ఉంది, ఎక్కారు. మనకు కొండ ఎక్కడుంది మామా? ముందు సరస్సు, దాని అవతల సముద్రం. ఇరకం దీవి వాళ్లకైతే చుట్టూ నీళ్లే, పడవ లేకుండా తడకు రావడానికి దారే లేదు. నిన్ను ఒకటి అడుగుతాను. ఆ డిసెంబరు 26 ఆదివారం. తెల్లారేసరికి మన తీరంలో గాలి ఉందా? మబ్బు ఉందా?

మామ: లేదు. ప్రశాంతంగా ఉండింది.

మేనకోడలు: భూకంపం మన లెక్కలో ఉదయం ఆరున్నరకు వచ్చింది. అల మన తూర్పు తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటలు మనకు చేతిలో ఉన్నాయి, చెప్పేవాళ్లే లేరు. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పోయారు, తమిళనాడులో వేలమంది. ఆ తర్వాతే, 2007లో, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. గాలి నీకు చెప్పనిది అది చెప్తుంది. కాళంగికి ఎగువన పడిన వాన కూడా అంతే. నీ తల మీద ఎండ కాస్తుంటే కింద వరద వస్తుంది. ఆకాశం చూసి తెలుసుకునే విద్య నీకుంది, ఆకాశంలో కనబడని ఆపదకు ఫోనులో మోగే హెచ్చరిక కావాలి. రెండూ ఉంచుకుందాం.

మామ: అది ఒప్పుకుంటాను. కానీ నా అసలు కోపం యాడ ఉండాదో నీకు తెలియదు. రాయదొరువు కాడ ముఖద్వారం ఇసక మేట వేసి పూడిపోయింది. సముద్రంలోకి నీళ్లు పోయే దోవ మూసుకుంటే సరస్సులోకి వచ్చిన వరద ఎట్టా పోవాల? మా ఇళ్లల్లోకే రావాల. ఆ ఇసక తీయమని ఎన్నేళ్లుగా అడగతా ఉండాం. రోడ్డు ఎత్తు పెంచమంటే పెంచరు. అవన్నీ చేయాల్సినోళ్లు చేయకుండా, మీ ఇంట్లో మీరు టార్చిలైటు, అటుకులు పెట్టుకోండి అంటే, ఆ భారం తీసుకొచ్చి పేదోడి నెత్తిన పెట్టినట్టు కాదా?

మేనకోడలు: ఆ మాట నిజం. ఇల్లు సర్దుకున్నంత మాత్రాన ఇసక అడగడం మానుకోమని నేననను.

మామ: అంతేకాదు. నువ్వు మొన్న ఒక లెక్క చెప్పినావు. దివిసీమ లెక్క. అది మళ్లీ చెప్పు.

మేనకోడలు: 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు సుమారు పదివేల ప్రాణాలు పోయాయి. 1990 మే 9న మచిలీపట్నం దగ్గరే అంత బలమైన తుఫాను మళ్లీ వచ్చింది. అప్పుడు పోయింది వెయ్యి లోపు. ఒడిశాలో 1999 మహా తుఫానుకు దాదాపు పదివేలమంది పోతే, 2013లో గోపాలపూర్ దగ్గర దాటిన ఫైలిన్‌కు యాభై లోపు.

మామ: ఆ ప్రాణాలు నిలబడింది ఎందువల్ల? లక్షలమందిని లారీల్లో, బస్సుల్లో తీసుకుపోయినారు. తుఫాను బిల్డింగులు కట్టినారు. రాడార్లు పెట్టినారు. అది సర్కారు చేసిన పని. ఇంట్లో సంచి కట్టుకున్నందువల్ల ఒక్కడైనా బతికినాడా? నీ లెక్కే నా పక్క మాట్లాడతా ఉండాది.

మేనకోడలు: సగం నీ పక్క మాట్లాడుతుంది, సగం నా పక్క. లారీ వచ్చి వీధి మొదట్లో నిలబడుతుంది మామా. అక్కడి దాకా నడిచి రావాల్సింది ఇంటివాళ్లు. ముసలామె మందులు ఎక్కడున్నాయో తెలియక, పట్టాదారు పాసుపుస్తకం దొరకక, మేకల్ని వదిలి రాలేక, ఆయన వేట నుంచి రానీ అని వాకిట్లో కూర్చుంటే లారీ ఎంతసేపు ఆగుతుంది? బంగ్లాదేశ్‌లో 1970 తుఫానుకు మూడు లక్షలకు పైగా చనిపోయారు. ఆ తర్వాత అక్కడ సర్కారూ రెడ్‌క్రాసూ కలిసి ఊరూరా వలంటీర్లను తయారు చేశాయి. జెండా ఎగరేయడం, సైకిలు మీద తిరిగి మెగాఫోనులో చెప్పడం, ఇల్లిల్లూ తట్టడం వాళ్ల పని. అయినా 1991లో మళ్లీ లక్షకు పైగా పోయారు. అందులో మగవాళ్ల కంటే ఆడవాళ్లు చాలా ఎక్కువ. ఎందుకో తెలుసా? భర్త చెప్పకుండా ఇల్లు వదలకూడదని ఆగిపోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

మామ: ...

మేనకోడలు: మన ఇంట్లో ఆ మాట ఎవరు చెప్పాలి మామా? నువ్వు నీళ్ల మీద ఉన్నప్పుడు, ఫోను కలవనప్పుడు, అత్త ఎవరిని అడగాలి?

మామ: అడిగేదేముంది. పొమ్మంటే పోవాల.

మేనకోడలు: ఆ మాట ఇప్పుడు అత్తతో అను. పిల్లల ముందర అను. నేను సిద్ధపడటం అంటున్నది అదే. సంచి తర్వాతి సంగతి.

మామ: సరే, పోతాం. పోతే వెనక ఏమవుతుంది? పడవకు అప్పు ఉండాది. ఇంజనుకు అప్పు ఉండాది. వల ఒక్కటి పోతే ఏడాది సంపాదన పోయినట్టు. మేం మొండితనంతో ఆగిపోతామని ఆఫీసర్లు అనుకుంటారు. మేం ఆగేది సామాను కోసం. దొంగతనాలు కూడా ఉంటాయి. ప్రాణం పోతే ఎట్టా అని అడుగుతారు గానీ, సామాను పోతే బతికేదెట్టా అని ఎవరూ అడగరు.

మేనకోడలు: ఆ ప్రశ్న అడగని పథకం ఏదీ ఇక్కడ పనికిరాదు. అయితే దానికి జవాబు నా దగ్గర లేదు, నీ దగ్గరే ఉంది. పడవకు ఏం చేయాలి?

మామ: 48 గంటలు ముందు తెలిస్తే చాలు. ఇంజను విప్పేసి ఎత్తైన చోట పెట్టాల. నలుగురు పడితే పడవ గట్టెక్కుతుంది. ఒక్కడివల్ల కాదు. తాడు కుదురుగా ఉండే చెట్టుకు రెండు పక్కలా కట్టాల. వల మడిచి మోకుతో సహా ఇంట్లో అటక మీదికి చేర్చాల. చివరి గంటలో మాత్రం ఏదీ కుదరదు. అప్పుడు పడవ కోసం పోయినోడే నీళ్ల పాలవుతాడు.

మేనకోడలు: అంటే పసుపు హెచ్చరిక రోజే నీ ఆస్తికి కావాల్సిన రోజు. ఎరుపు వచ్చేసరికి నీ చేతిలో పడవ పని ఉండకూడదు. పశువులను కట్టేసి పోవద్దు, తాళ్లు విప్పేస్తే అవి మిట్టకు చేరుకుంటాయి. పడవ రిజిస్ట్రేషన్ కాగితం, మత్స్యకారుడి గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకం, ఆధార్, రేషను కార్డు, పాసుపుస్తకం అన్నీ ఒక మందపాటి ప్లాస్టిక్ కవరులో వేసి మూతి బిగించి ఒకే చోట పెట్టాలి. ప్రతిదాన్నీ ఫోనుతో ఫొటో తీసి బయటూరిలో ఉన్న ఒక చుట్టానికి పంపాలి. పడవకూ వలకూ ఇంజనుకూ కూడా ఇప్పుడే ఫొటోలు తీసి ఉంచుకోవాలి. నష్టం రాసుకునేందుకు వచ్చినవాళ్లు పోయిన వస్తువు ఉండిందనడానికి రుజువు అడుగుతారు.

మామ: అది మంచి మాటే. మరి ఆ మూడు రోజుల తిండి, నీళ్లు దాచుకోమంటారే, వారం వారం బియ్యం తెచ్చుకునేవాడు యాడ దాస్తాడు? ఈ లిస్టులన్నీ మేడలున్నోళ్లకు రాసినట్టుంటాయి.

మేనకోడలు: మనకు తగ్గట్టు మనమే రాసుకుందాం. ముందు నీళ్లు. తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్లు. అయిదుగురికి మూడు రోజులకు 45 లీటర్లు. కొనక్కర్లేదు, నారింజ హెచ్చరిక రాగానే మూతలున్న బిందెలు, డబ్బాలు నింపితే చాలు. వరద తర్వాత మన ఊళ్లలో మనుషులు జబ్బు పడేది బోరింగులోకి మురుగు దిగిన నీళ్లతో. ఆ నీళ్లు తాగాల్సి వస్తే బాగా తెర్లేదాకా కాచాలి. కట్టెలు తడిసిపోతే క్లోరిను బిళ్ల వేసి, పొట్లం మీద ఎన్ని లీటర్లకు అని రాసి ఉందో అన్నింటికే వాడి, అరగంట ఆగి తాగాలి. బిళ్లలు ఆరోగ్య కేంద్రంలో అడిగితే ఇస్తారు. అవి ముందే తెచ్చుకోవాలి, నీళ్లు వచ్చాక కాదు.

తిండి అంటే పొయ్యి అక్కర్లేనిది. అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశెనగలు, పిల్లలకు బిస్కెట్లు. ఒకేసారి కొనమనను. సెప్టెంబరు నుంచి సంతకు పోయినప్పుడల్లా ఒక పావు కిలో ఎక్కువ తెచ్చి డబ్బాలో వేస్తే అక్టోబరుకు నిండుతుంది. సంక్రాంతి వచ్చాక వాడేసుకోవచ్చు. అదీ లేని ఇళ్లు ఉన్నాయి. వాళ్ల కోసం పొదుపు సంఘం ఆడవాళ్లు ఉమ్మడిగా ఒక మూట పెట్టుకోవచ్చు.

మామ: డబ్బులో?

మేనకోడలు: చిల్లర నోట్లు కొన్ని కాగితాల కవరులోనే ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు అంత పెద్ద నగరంలోనే కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, ఏటీఎంలు పనిచేయలేదు. ఫోనులో డబ్బు ఉన్నా ఫోను ఆరిపోతే లేనట్టే. ఫోను నంబర్లు కూడా అంతే. అత్తకు నీ నంబరు నోటికి వస్తుందా? ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అతికించాలి. మన ఇంటివాళ్లవి నాలుగు. ఊరి వీఆర్వోది. తర్వాత జిల్లా కంట్రోలు రూము 1077, రాష్ట్ర విపత్తుల సంస్థ 1070, అత్యవసరానికి 112, అంబులెన్సు 108, కరెంటు తీగ తెగితే 1912, సముద్రంలో చిక్కుకుంటే కోస్టుగార్డు 1554.

మామ: నర్సువి గదా, జబ్బుల సంగతి చెప్పు. మీ అత్తకు షుగరు.

మేనకోడలు: నా పని అనుభవంలో అన్నింటికంటే ముఖ్యమని చెప్పేది అదే. తుఫాను పేరు చెప్పి ఎవరూ ఆసుపత్రికి రారు. షుగరు పెరిగి వస్తారు, బీపీ మాత్ర మూడు రోజులు మానేసి పక్షవాతంతో వస్తారు, మూర్ఛ మందు ఆగిపోయి వస్తారు. రోజూ వేసుకునే మందు ఏదైనా సరే, ఈ తుఫానుల మూడు నెలలూ కనీసం వారం రోజులది ఎక్కువగా ఇంట్లో ఉండాలి. చీటీ కాగితాల కవరులో ఉండాలి. ఇన్సులిను వాడేవాళ్లకు కరెంటు పోతే ఫ్రిజ్ ఉండదు. తడి ఇసక మీద నీళ్లున్న మట్టికుండ పెట్టి, ఇన్సులిన్ సీసాకు నీళ్లు తగలకుండా మూత బిగిసిన డబ్బాలో వేసి, ఆ డబ్బాను కుండలో ఉంచితే చల్లగా ఉంటుంది. ఐసు ముక్కల్లో మాత్రం పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిను పనిచేయదు.

నెలలు నిండిన ఆడపిల్ల దీవిలో ఉండకూడదు. కాన్పు తేదీకి వారం పది రోజుల ముందే తడకో సూళ్లూరుపేటకో చుట్టాలింటికి చేర్చాలి. గాలిలో పడవ వేయించి ఆమెను తీసుకురావడం కంటే అది ఎంతో తేలిక.

మామ: పాములు?

మేనకోడలు: నీళ్లు పొలాల్లోకి రాగానే అవీ మనలాగే మిట్టకు వస్తాయి. టార్చి లేకుండా చెయ్యి పెట్టొద్దు, చెప్పులు లేకుండా నడవొద్దు. కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తేవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకే సూది మందు ఉంది. మంత్రం దగ్గర పోయే గంటే ప్రాణం తీస్తుంది.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లాలు. అవి లేకపోతే లీటరు కాచిన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఇల్లు వదిలేటప్పుడు కరెంటు మెయిను దించాలి, గ్యాసు సిలిండరు మూసేయాలి. కిందపడిన తీగను కట్టెతో కూడా తాకకూడదు. తడి కట్టె కరెంటును ఆపదు.

మామ: నీళ్ల మీద మాకు చెప్పేదేముందిలే. పుట్టినప్పటి నుంచి ఈత.

మేనకోడలు: నీకు వచ్చు. పడవ ఎక్కేవాళ్లందరికీ వచ్చా? 2011 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, ఇదే సరస్సులో తమిళనాడు వైపు ముఖద్వారం దగ్గర పడవ బోల్తా పడి 22 మంది పోయారు. సరదాగా చూడటానికి వచ్చిన కుటుంబాలు. తుఫాను లేదు, వరద లేదు. దీవుల నుంచి బడికి పోయే పిల్లలు రోజూ పడవ ఎక్కుతున్నారు. లైఫ్ జాకెట్ ఒక వల ముక్క ఖరీదు కూడా ఉండదు. ఆపద అంటే పెద్ద పేరున్న తుఫానే కాదు మామా. రోజూ చేసే ప్రయాణంలో కూడా ఉంటుంది.

మామ: ఒప్పుకుంటాను. అయితే నా మాట ఒకటి నువ్వు ఒప్పుకోవాల. నువ్వు చెప్పినదంతా ఒక ఇంటి సంగతి. ఇల్లు తనకు తాను సర్దుకుని బయటపడితే, పక్కన ఒంటరిగా ఉండే ముసలామె సంగతి? ఒడ్డు చివర గుడిసెల్లో ఉండే యానాదుల సంగతి? వాళ్లకు ఫోను లేదు, ఆటో వాళ్ల కాడికి పోదు. సంచి ఉన్న ఇల్లు బతికి, లేని ఇల్లు పోతే, అది ఏం సిద్ధం? మా కుప్పంలో, అంటే మా వేటగాళ్ల పల్లెలో, ఒక కట్టు ఉండాది. నీళ్ల మీద ఏ పడవ తిరగబడినా ముందు చూసినోడు పోవాల్సిందే, పగ ఉన్నా పోవాల్సిందే. ఆ కట్టు గట్టు మీదికి కూడా రావాల.

మేనకోడలు: దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. ఎలా రావాలో నువ్వే చెప్పు.

మామ: కుప్పం పెద్దలు కూర్చుంటారు గదా, అక్కడే తేల్చాల. నడవలేనోళ్లు ఎవరెవరు, ఒక లెక్క. ఒక్కో మనిషికి ఇద్దరు మొనగాళ్లు, పేరు పెట్టి. ఏ పడవ ఏ దీవికి పోయి ఎవరిని తెస్తుంది, ఎవరు డీజిలు పోస్తారు. తుఫాను బిల్డింగు తాళం ఎవరి కాడ ఉండాది, అందులో నీళ్లు వస్తాయా, ఆడవాళ్లకు మరుగుదొడ్డి తలుపు ఉండాదా, ఇవన్నీ అక్టోబరుకు ముందే ఒకసారి పోయి చూసి రావాల. లేకపోతే సచివాలయంలో అర్జీ పెట్టి సంతకం తీసుకోవాల. వెనక కాపలాకు ఎవరుంటారో పోలీసుస్టేషనులో అడగాల. అప్పుడు సామాను కోసం ఎవడూ ఆగడు.

మేనకోడలు: 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు రాజంపేట వైపు ఊళ్ల మీద పడింది. ఆ వారమే తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి, స్వర్ణముఖి పొంగింది. అంతకు ఆరేళ్ల ముందు, 2015 నవంబరులో, నెల్లూరు జిల్లాలో జాతీయ రహదారి మీదికే నీళ్లెక్కి రాకపోకలు ఆగిపోయాయి. అలాంటి రోజున సాయం బయల్దేరినా దారి ఉండదు. దళాలు వస్తాయి, హెలికాప్టరు వస్తుంది, కానీ మొదటి రాత్రి పక్కింటివాడే వస్తాడు. నువ్వు చెప్పిన లెక్క ఆ రాత్రి కోసం.

మామ: ముఖద్వారం ఇసక సంగతి మాత్రం నేను వదలను.

మేనకోడలు: వదలొద్దు. ఇంట్లో అటుకుల డబ్బా ఉన్నవాడు ఆ ప్రశ్న ఇంకా గట్టిగా అడగగలడు. మా వంతు మేం చేశాం, మీ వంతు ఏదని.

ఇద్దరి వాదన ఇక్కడితో ఆగింది. నాకు తోచిన తీర్పు చెప్తాను. ముఖద్వారం తవ్వడం, రోడ్డు ఎత్తడం, తుఫాను భవనం కట్టి దాన్ని వాడుకలో ఉంచడం, చివరి గుడిసె దాకా హెచ్చరిక చేర్చడం ప్రభుత్వం పని. ఇల్లు ఎంత సర్దుకున్నా ఆ బాధ్యత తగ్గదు. కానీ హెచ్చరిక విన్నాక లేచి నడవడం, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలిసి ఉండటం, ఎవరి చెయ్యి పట్టుకుని నడిపించాలో ముందే అనుకోవడం ఇంటి పని, ఊరి పని. రెండోది మొదటిదానికి బదులు కాదు. అలాగని మొదటిది జరిగేదాకా రెండోదాన్ని ఆపడానికీ వీల్లేదు.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలవుతాయి. అంతకు ముందే ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చోండి. హెచ్చరిక వస్తే ఎక్కడికి పోవాలి, ఇంటి పెద్ద లేనప్పుడు బయల్దేరమని ఎవరు చెప్పాలి, కాగితాలూ మందులూ ఎక్కడున్నాయి, పక్కింట్లో ఎవరిని తీసుకుపోవాలి. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసి, పిల్లలచేత చదివించి, తలుపు వెనక అతికించండి.